మా బాబాయి ట్రాక్టరుకి జీపీయస్ బిగించిన వైనం

ఆ రోజుల్లో ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న మగపిల్లాడంటే ఊరికి ఉమ్మడి ఆస్తి. మిక్సీ తిరగకపోయినా, బోరు మోటారు స్టార్టరు కొట్టేసినా, టీవీలో బొమ్మ గళ్ళు గళ్ళుగా వచ్చినా "ఆ ఇంజనీరింగ్ అబ్బాయిని పిలవండి" అనేవాళ్ళు. నేను చదివింది ఎలక్ట్రానిక్సు. (చదివింది అన్నమాట కొంచెం పెద్దది. పరీక్షలు రాశాను.) ఆ నాలుగేళ్ళలో నేను స్వయంగా విప్పి మళ్ళీ బిగించిన వస్తువు హాస్టల్ గదిలోని ఇస్త్రీపెట్టె ఒక్కటే. బిగించాక అది వేడెక్కడం మానేసింది. ఈ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు గనక నా గౌరవానికి ఏ లోటూ లేకుండా రోజులు గడిచిపోయేవి. ఇప్పుడు ఎవరైనా నన్ను ఒక చిన్న ప్లగ్గు మార్చమన్నా ముందు మెయిన్ ఆపి, చెప్పులేసుకుని, రెండుసార్లు టెస్టరు పెట్టి చూస్తాను. అప్పుడలా కాదు. అడిగిన వెంటనే స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని బయలుదేరేవాణ్ణి.

మాది సత్తెనపల్లి అవతల పత్తి, మిరప పండే ఊరు. మా బాబాయి ఇల్లు మా ఇంటి పక్కనే, మధ్యలో నడుము ఎత్తు గోడ. బాబాయికి పొలం తర్వాత ప్రాణం ట్రాక్టరు. పాత మోడలు, రంగు వెలిసిపోయింది, మొదలెట్టేటప్పుడు ముసలాయన దగ్గినట్టు దగ్గుతుంది. అయినా పొద్దున్నే దాని బానెట్టు తుడవనిదే కాఫీ తాగేవాడు కాదు. దాన్ని బాబాయి కాక ముట్టుకునే హక్కు డోలక్ అన్నకి మాత్రమే ఉండేది. డోలక్ అన్న బాబాయి దగ్గర ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న డ్రైవరు. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేది ఆయనే, అందుకని ఊరంతా అలాగే పిలిచేది. మిగతా ఆరురోజులూ స్టీరింగు మీద వాయించేవాడు. మా పిన్ని ఒకసారి సరదాగా "నాకూ తోలడం నేర్పకూడదా?" అని అడిగితే బాబాయి పొలమారేదాకా నవ్వి, "నువ్వు ట్రాక్టరెక్కితే ఊళ్ళో కోళ్ళని కూడా ఇళ్ళల్లో కట్టేసుకోవాలే" అన్నాడట. పిన్ని ఏమీ అనలేదట. ఏమీ అనకపోవడాన్ని బాబాయి ఒప్పుకోవడం అనుకున్నాడు. మా ఇంటి మగవాళ్ళు తరచూ చేసే పొరపాటే అది.

ఒకరోజు బాబాయి గోడ మీద నుంచి వంగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి (మా బాబాయి గొంతు తగ్గిస్తే మామూలు మనుషులు మామూలుగా మాట్లాడినట్టు ఉంటుంది) "ఒరేయ్, ఇట్రా. ట్యాంకులో డీజిల్ పోతోంది" అన్నాడు.

"కారుతోందేమో బాబాయ్."

"కారితే కింద మరక ఉండదంట్రా? పొద్దున కర్ర ముంచి చూస్తే జానెడుంటది, సాయంత్రం చూస్తే బెత్తెడే ఉంటది. దున్నింది చూస్తే ఏమీ లేదు. మధ్యాహ్నం నేను కునుకు తీసే టయానికి బండి ఎటో పోతోందిరా. డోలక్‌గాడు ఎవడికో కిరాయికి తోలుతున్నాడు." ఆ మాట అనేసి బాబాయి కాసేపు గోడ మీది నాచు గీకుతూ నిలబడ్డాడు. "వాడు కూడా అట్టా చేస్తే ఇంకెవణ్ణి నమ్మాలిరా? అడగబుద్ధి కావట్లా. అడిగాక వాడు నిజంగా చేసుంటే పంపెయ్యాలి. చెయ్యకపోతే, అడిగినందుకు వాడే పోతాడు."

అందుకని అడగకుండా తెలుసుకునే ఉపాయంగా బాబాయి గుంటూరు నుంచి ఒక చిన్న నల్ల డబ్బా తెచ్చాడు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. దాంట్లో సిమ్ కార్డు వేసి, బండి బ్యాటరీ నుంచి కరెంటిస్తే, బండి ఎక్కడుందో ఫోనులో పటం మీద కనిపిస్తుంది. అంతేకాదు, ఆ సిమ్ నంబరుకి మనం ఫోను చేస్తే అది చడీచప్పుడు లేకుండా ఎత్తి, బండి దగ్గర మాటలన్నీ వినిపిస్తుంది. మనం మాట్లాడేది మాత్రం అవతలికి వినపడదు. ఇంకా, ఒక మెసేజి పంపితే బండి ఇంజనుని ఆపేస్తుందని కూడా అమ్మినవాడు చెప్పాడట. "నువ్వు బిగించు. డోలక్‌గాడికి తెలియకూడదు" అన్నాడు బాబాయి.

ఆదివారం డోలక్ అన్న చర్చిలో ఉండగా నేను ట్రాక్టరు డ్యాష్‌బోర్డు కింద దూరాను. డబ్బాతో వచ్చిన కాగితంలో ఎర్ర వైరు ప్లస్సుకి, నల్ల వైరు మైనస్సుకి అని ఉంది. అంతవరకు నా చదువు సరిపోయింది. కానీ డ్యాష్‌బోర్డు కింద ఉన్న వైర్లన్నీ కాలానికి, దుమ్ముకి, గ్రీజుకి ఒకే రంగులోకి వచ్చేసి ఉన్నాయి. టెస్టరు పెట్టి, దీపం వెలిగిన మొదటి వైరుకే ఎర్రది చుట్టేసి టేపు వేశాను. ఫోనులో ట్రాక్టరు కనపడింది. బాబాయి నా వీపు మీద చరిచి పిన్నితో "చూశావా, చదువంటే ఇది" అన్నాడు. మర్నాడు పొద్దుట్నుంచి ట్రాక్టరు పటంలో లేదు. పొద్దుగూకే వేళ హఠాత్తుగా ప్రత్యక్షమైంది. ఆ మర్నాడూ అంతే. చివరికి తేలిందేమంటే, నేను కలిపింది హెడ్‌లైటు వైరుకి. (ఆదివారం టెస్టరు పెట్టేటప్పుడు, డ్యాష్‌బోర్డు దీపం కూడా వెలుగుతుందని లైటు స్విచ్చి వేసుకున్నది నేనే.) డోలక్ అన్న లైటు వేసినప్పుడల్లా మా ట్రాక్టరు భూమ్మీద ఉండేది, తీసేస్తే ఉండేది కాదు.

రెండోసారి ఆ తంటా లేకుండా ఎకాయెకి బ్యాటరీ బోల్టుకే కలిపాను. మధ్యలో ఫ్యూజు పెట్టమని కాగితంలో ఉంది. ఫ్యూజు ఎందుకులే అనుకున్నాను. ఎందుకో కాసేపట్లోనే తెలిసింది. వైరు ఇనుపరేకు అంచుకి ఒరుసుకుని, ప్లాస్టిక్ కాలిన కంపుతో సన్నటి పొగ లేచింది. బాబాయి పొలంలో ఉన్నాడు గనక బతికిపోయాను. పిన్ని మాత్రం వరండాలోంచి చూసి, చెంబుతో నీళ్ళు తెచ్చి, "పొయ్యనా, వద్దా?" అని అడిగింది. "వద్దు పిన్నీ, శాస్త్రప్రకారం పోయకూడదు" అన్నాను, కాలిన వేళ్ళు నోట్లో పెట్టుకుని. అప్పుడు సత్తెనపల్లి వెళ్ళి ఫ్యూజు, దాన్ని పెట్టుకునే చిన్న గూడు తెచ్చి బిగించాను. ఇక మిగిలింది ఇంజను ఆపే ఏర్పాటు. ఎన్ని వైర్లు మార్చినా ఇంజను ఆగలేదు. ఆ పాత డీజిల్ ఇంజను ఒకసారి మొదలైతే కరెంటుతో దానికి పనిలేదనీ, ఆపాలంటే చేత్తో తీగ లాగాల్సిందేననీ అప్పటికి అర్థమైంది. ఓడిపోయినట్టు ఒప్పుకోవడం ఇష్టంలేక, ఆ వైర్లని హారన్‌కి కలిపేసి బాబాయికి చెప్పాను: "బండి ఆగదు బాబాయ్. కానీ నువ్వు మెసేజి పంపితే ఆపకుండా అరుస్తుంది. దొంగ దడుచుకుని దిగి పారిపోతాడు." బాబాయికి ఇది ఇంకా నచ్చింది. ఆపితే దొంగ పారిపోతాడు, అరిస్తే ఊరంతా పట్టుకుంటుంది అని ఆయన లెక్క.

అంతా బిగించిన మధ్యాహ్నం, బాబాయి కునుకు తీస్తుండగా, పటంలో ట్రాక్టరు కదిలింది. పాడుబడిన పత్తి మిల్లు వెనక బీడు దగ్గరికి పోయి ఆగింది, ముందుకు జరిగింది, మళ్ళీ ఆగింది. నా నంబరు కూడా ఆ డబ్బాలో పెట్టుకున్నాను గనక, పరీక్ష కోసం అన్న సాకుతో ఫోను చేశాను. ముందు ఇంజను దగ్గు. తర్వాత డోలక్ అన్న గొంతు.

"నిదానం... నిదానం... కాలు మెల్లగా తియ్యండమ్మా. అయ్యో, అంత కోపంగా తీస్తే ఎట్టా?"

"కోపం కాదయ్యా, చెప్పు జారింది" అంది అవతలి గొంతు. అది మా పిన్నిది.

నేను సైకిలేసుకుని మిల్లు వెనక్కి పరిగెత్తాను. పిన్ని చీర మీద బాబాయి పాత ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, తలకి తువ్వాలు కట్టుకుని, స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. గొర్రుతో దున్నేటప్పుడు కూడా అంత గట్టిగా ఎవరూ పట్టుకోరు. నన్ను చూసి డోలక్ అన్న మొహం పాలిపోయింది. "బాబూ, అయ్యకి చెప్పబాకండి. నా పని ఊడుద్ది" అన్నాడు. పిన్ని మాత్రం ఇంజను ఆపి, తీరిగ్గా దిగి, చొక్కా దులుపుకుని, "డోలక్ తప్పేం లేదు, నేనే నేర్పమన్నాను. అతను వద్దన్నాడు, నేనే బతిమాలాను" అంది.

"ఎందుకు పిన్నీ ఇదంతా?"

"ఎందుకేంట్రా? వంట నేర్చుకున్నప్పుడు ఎందుకని ఎవరూ అడగలేదే." తర్వాత కొంచెం సిగ్గుపడుతూ "ఆయన అంత నవ్వాల్సిన పనేముందని" అంది.

డీజిల్ సంగతి, నల్ల డబ్బా సంగతి అన్నీ అక్కడే చెప్పేశాను. డోలక్ అన్న డ్యాష్‌బోర్డుకి దండం పెట్టినంత పనిచేసి వెనక్కి జరిగాడు. పిన్ని వంగి నా పనితనం చూసి, "దీన్ని మధ్యాహ్నం పూట నిద్రపుచ్చలేమా?" అని అడిగింది. పుచ్చవచ్చు. బయటి కరెంటు పోయినా బతకడానికి ఆ డబ్బా లోపల చిన్న బ్యాటరీ ఉండాలి గానీ, బాబాయి తెచ్చిన దాంట్లో అది మొదట్నుంచీ చచ్చే ఉంది. ఫ్యూజు పీకితే చాలు. ఆ రోజు నుంచి పిన్ని పాఠానికి ముందు ఫ్యూజు పీకి కొంగున ముడేసుకునేది, పాఠం అయ్యాక మళ్ళీ పెట్టేసేది.

ఇక బాబాయి నన్ను పట్టుకున్నాడు. "ఏరా, సరిగ్గా నేను పడుకునే టయానికే పటంలోంచి మాయమవుద్దేందిరా?" నాకు చెమటలు పట్టాయి. చెమటలు పట్టినప్పుడు నేను ఎక్కువ శాస్త్రం మాట్లాడతాను. "మధ్యాహ్నం పూట ఉపగ్రహాలు మన పల్నాడు మీద ఉండవు బాబాయ్. ఎండ మరీ ఎక్కువ కదా, సముద్రం మీదికి పోతాయి. చల్లబడ్డాక వస్తాయి" అన్నాను. బాబాయి కాసేపు ఆకాశం వంక చూసి, "అవున్లే, వాటికీ వేడేగా" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రానికల్లా టీకొట్టు దగ్గర ఈ విజ్ఞానం అందరికీ పంచాడు. మర్నాడు హైస్కూలు లెక్కల మాస్టారు రోడ్డు మీద నన్నాపి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "ఏమోయ్, ఉపగ్రహాలు మధ్యాహ్నం కునుకు తీస్తున్నాయట కదా, ఏ పుస్తకంలో ఉంది?" అన్నారు. నాకు అర్జంటుగా పనుందని చెప్పి సైకిలు తొక్కాను. ఆ తర్వాత చాలా రోజులు స్కూలు వైపు వెళ్ళలేదు.

అసలు కథ మిరపకాయల కళ్ళంలో జరిగింది. ఆ ఏడు కాపు బాగుంది. కోసిన కాయంతా ఊరవతల కళ్ళంలో ఎర్ర తివాచీ పరిచినట్టు ఆరబోసి ఉంది. ఎండిన కాయ తడిస్తే మచ్చలు పడి, బూజు పట్టి, ఎవరూ ముట్టుకోరు. ఏడాది చాకిరీ ఒక్క వానతో పోతుంది. ఆ రోజు బాబాయి ముందు ఎండిన కాయని టిక్కీ బస్తాల్లో తొక్కించి, లారీలో వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళాడు. డోలక్ అన్న దర్శిలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాడు. (చర్చిలో పెళ్ళి, ఆయన డోలక్ లేకుండా జరగదు.) పొద్దున్నుంచీ మాడ్చేసిన ఎండ మధ్యాహ్నం దాటేసరికి చప్పబడింది. పడమటి నుంచి మబ్బు లేచింది. ఆ నెలలో రావాల్సిన మబ్బు కాదది. కళ్ళంలో నేనూ, ఇద్దరు ముసలి కూలీలూ తప్ప ఎవరూ లేరు. కప్పడానికి టార్పాలిన్ పట్టాలన్నీ ఇంటిదగ్గర ట్రాలీలో ఉన్నాయి. నేను ఇంటికి పరిగెత్తేసరికి పిన్ని గుమ్మంలో నిలబడి ఆకాశం చూస్తోంది.

"ఎవరినన్నా పిలుచుకొస్తాను, ట్రాక్టరు తోలేవాళ్ళని" అన్నాను రొప్పుతూ.

"ఎవరిని?" అంది పిన్ని. అప్పటికే తువ్వాలు తలకి చుట్టుకుంటోంది. "ఎక్కు."

ట్రాలీ తగిలించి ఉన్న బండిని పిన్ని అంతకుముందెప్పుడూ తోలలేదు. మా ఇంటి మలుపు తిరిగేటప్పుడు ట్రాలీ వెనక చక్రం ఎవరిదో ముగ్గు మీద నుంచి, ఒక తులసి మొక్క డబ్బా మీద నుంచి పోయింది. నేను పక్కన రేకు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. బాబాయి.

"ఒరేయ్! ట్రాక్టరు కదులుతోందిరా! డోలక్‌గాడు దర్శిలో ఉన్నాడు. ఎవడో ఎత్తుకుపోతున్నాడు!"

"బాబాయ్, అదేం లేదు, నే చెప్పేది విను..."

"వినేదేంది! మెసేజి కొడుతున్నా!" అని పెట్టేశాడు.

అది పాఠం కాదు గనక పిన్ని ఆరోజు ఫ్యూజు పీకలేదు. నేను "పిన్నీ..." అనేలోపే హారన్ అందుకుంది. మామూలు హారన్ కాదది, లారీకి పెట్టేది, బాబాయి ముచ్చటపడి పెట్టించుకున్నాడు. ఆగదు, తగ్గదు. "నేనేం నొక్కాన్రా?" అని పిన్ని అరిచింది. "నువ్వేం నొక్కలేదు పిన్నీ, బాబాయి నొక్కాడు!" అని నేను అరిచాను. ఊరి మధ్య వీధి మొత్తం బయటికొచ్చింది. భోజనాల దగ్గర్నుంచి ఎంగిలి చేతులతో వచ్చారు, మంచాల మీద నుంచి వచ్చారు. గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి. లెక్కల మాస్టారు అరుగు మీద లేచి నిలబడ్డారు. ట్రాక్టరు మీద తువ్వాలు కట్టుకున్న మా పిన్నిని, పైన మబ్బుని, ట్రాలీలో పట్టాలని చూసి ఎవరికీ ఏమీ చెప్పే పనిలేకపోయింది. ఒకామె "వానొస్తందే, కాయ!" అని కేక పెట్టింది, అంతే, జనమంతా ట్రాక్టరు వెనక పరుగు. కొందరు ట్రాలీ ఎక్కేశారు. నేను ఇంకొంచెం వేగం పెంచమని పిన్ని చెవిలో మొత్తుకున్నాను. ఆ హోరులో పిన్ని నా వైపు తిరక్కుండా, రోడ్డు మీదే చూపు పెట్టి, గొంతు చించుకుని చెప్పింది: "ఏడాదంతా ఆ మనిషి చేలోనే పడున్నాడురా. జొరం వచ్చినా మందు కొట్టాడు. ఒక్క కాయ తడవనివ్వను నేను!"

కళ్ళానికి చేరేసరికి తొలి చినుకులు. ఎవరు ఏ మూల పట్టుకున్నారో తెలియదు, పట్టాలు గాల్లో లేచాయి, రాళ్ళు పడ్డాయి, ఎర్రటి తివాచీ మొత్తం నల్లగా కప్పబడిపోయింది. నేను డ్యాష్‌బోర్డు కింద చెయ్యిపెట్టి ఫ్యూజు పీకాను. హారన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో పట్టాల మీద వాన దబదబా కొట్టింది. జనం తడుస్తూనే నిలబడి నవ్వారు. మిరప ఘాటుకి కొందరు దగ్గారు, కొందరు తుమ్మారు. పిన్ని మాత్రం సీటు మీద నుంచి దిగలేదు. తువ్వాలు విప్పి స్టీరింగు మీది చినుకులు తుడుస్తూ కూర్చుంది.

సాయంత్రం బాబాయి వచ్చాడు. యార్డు నుంచి ఎలా వచ్చాడో గానీ మోకాళ్ళ దాకా బురద. నేరుగా కళ్ళానికి వెళ్ళి ఒక పట్టా ఎత్తి, కాయలో చెయ్యిపెట్టి, పిడికెడు తీసి గలగలమనిపించి చూసుకున్నాడట. ఇంటికొచ్చి వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని మంచినీళ్ళిచ్చి గుమ్మం పక్కన నిలబడింది. నేను గోడకి ఇటువైపు, మా ఇంట్లోనే, పారిపోవడానికి వీలుగా నిలబడ్డాను. మెసేజి కొట్టిన వెంటనే బాబాయి దొంగ గొంతు విందామని ఆ డబ్బాకి ఫోను చేశాడనీ, ఫ్యూజు పీకేదాకా యార్డులో బస్తాల మధ్య నిలబడి మొత్తం విన్నాడనీ మాకు అప్పటికి తెలియదు. నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"రెండో గేర్లో ఎందుకు తోలావే? ఇంజను హోరుని బట్టే తెలిసింది. అంత దూరం ఖాళీ రోడ్డు. మూడు వెయ్యాల్సింది."

"మూడో గేరు ఇంకా నేర్పలా" అంది పిన్ని.

బాబాయి తల ఊపాడు. "అయితే ఆ డీజిలు..."

"నేనే తాగాను."

బాబాయి నవ్వు ఆపుకుందామని చూశాడు, కుదర్లేదు. పొలమారింది. పిన్ని తలమీద తడుతూ నిలబడింది. కాసేపటికి తేరుకుని కళ్ళు తుడుచుకున్నాడు. (మిరపచేత్తో తుడుచుకున్నాడు గనక ఆ కళ్ళనీళ్ళలో ఎంతభాగం దేనికో చెప్పలేను.) మర్నాడు డోలక్ అన్న పెళ్ళి నుంచి తిరిగొచ్చి, సంగతి విని, భయపడుతూ గుమ్మం ముందు నిలబడితే, బాబాయి బానెట్టు తుడుస్తూ తలెత్తకుండా "మూడో గేరు నేర్పకుండా పెళ్ళికి పోతారంట్రా ఎవరైనా?" అన్నాడు. ఆ నల్ల డబ్బాని నా చేత్తోనే పీకించాడు. ఆ తర్వాత డోలక్ అన్నని ఎప్పుడూ ఏమీ అడగలేదు.

ఆ వేసవి పోయాక నాకు ఉద్యోగం వచ్చింది, ఊరు వదిలాను. కిందటేడు కోతలప్పుడు వెళ్ళాను. బస్సు దిగేసరికి పిన్ని ట్రాక్టరు పక్కకి ఆపుకుని నాకోసం చూస్తోంది. జుట్టు తెల్లబడింది, స్టీరింగు ఒక్కచేత్తోనే పట్టుకుంటోంది. నా బ్యాగు ట్రాలీలో వేయించి, సీటు మీంచి పక్కకి జరిగి, "ఇదుగో, నువ్వు తోలు, నాకు మోకాలు లాగుతోంది" అంది.

"నాకు రాదు పిన్నీ" అన్నాను.

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "అన్నిరోజులు దాని కింద పడుకుని, దాని పేగులన్నీ బయటికి లాగావు గదరా. తోలడం రాకుండానే?"

"తోలడమే కాదు పిన్నీ, అప్పుడు నాకు ఆ వైర్లు కూడా ఏమీ తెలియదు."

"మరి అంత ధీమాగా ఎట్టా చేశావురా?"

అదే నేనూ ఆలోచించాను. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని తల పైకెత్తి నడిచిన ఆ కుర్రాడు కళ్ళముందు మెదిలాడు. "అప్పట్లో ఉండేది పిన్నీ ఆ ధీమా" అన్నాను, ఆవిడ పక్కన ఎక్కి కూర్చుంటూ. "ఉద్యోగం వచ్చాక మళ్ళీ కనపడలేదు."